గొంతు కదిలేదాకా

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని మా ఊరి అంగన్‌వాడీ గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. ఆ రాత రాసినతనికి నిచ్చెన పట్టుకున్నది నేనే. ఒక అక్షరానికి ఒత్తు మరిచిపోయాడని పోట్లాడి దిద్దించిందీ నేనే. తర్వాత మూడు నెలలు అదే గోడ ముందు నుంచి దగ్గుకుంటూ తిరిగాను. చదవడం వస్తే బుద్ధి వస్తుందనుకునేవాళ్లు నా సంగతి కొంచెం వినాలి. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం ఉంది. అది చివరికి వస్తుంది.

2005, వానకాలం

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. పన్నెండో ఏట కారేపల్లి దాపున కలప డిపోలో దుంగలు దొర్లించే పనికి చేరాను. దుంగ కోసిన మొహం మీద రాసే అంకెలూ అక్షరాలూ చూసి చూసి పట్టుకున్నాను. బజ్జీలు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని మిగతాది నేర్చుకున్నాను. ఆ చదువుతో నాకు అబ్బింది ఒకటే గుణం, ఎవరేం చెప్పినా ఎదురు చెప్పడం.

చర్చితో నా తగాదా కూడా డిపో రోజుల్లోదే. మా నాయన ఇప్పసారా తాగి పోయాడని, ఆయన శవం లేచినప్పుడు చర్చి పెద్దలు గంట కొట్టనివ్వలేదు. మా ఊళ్లో క్రైస్తవుల ఇళ్లలో ఎవరు పోయినా గంట కొడతారు. మా నాయనకు కొట్టలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. అప్పటి పాస్టరు పోయాడు, పెద్దలు పోయారు, గంట కూడా పగిలిపోతే కొత్తది తెచ్చి కట్టారు. నా కోపం మాత్రం పాతదే ఉండిపోయింది.

నా భార్య రూతమ్మ నన్ను ఏనాడూ రమ్మనలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, వేదపుస్తకం చంకలో పెట్టుకుని, "పొయ్యి మీద పప్పుంది, మాడ్చకు" అని చెప్పి వెళ్లేది. అంతే.

ఆ వానకాలం నా తుండుగుడ్డలో ఎర్రగా పడింది. నేను మడిచి చంకలో పెట్టుకున్నాను. ఆమె చూసింది.

"వక్క నమిలినవా?"

"అవ్."

"నువ్వు వక్క మానేసి పదేండ్లాయె. లేవు, బస్సు పోతది."

ఖమ్మం పెద్ద దవాఖానాలో టీబీ గది ముందు పొడుగు బల్ల. ఆ బల్ల మీద మేం పదిమందిమి కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దగ్గు వస్తే దొంగతనం చేసినట్టు గోడ వైపు తిరిగేవాళ్లం. ఒక్క రూతమ్మే అందరినీ పేరు, ఊరు అడిగింది. పరీక్ష డబ్బీ ఇచ్చే కాంపౌండరు మూత తానే తీసి ఇచ్చాడు. "భయం లేదు తాతా, ఆరు నెల్లు. మధ్యలో ఆపకుంటే పోతది. ఆపితే మాత్రం మళ్లొస్తది, మొండిదై వస్తది" అన్నాడు. ఆ మాట రూతమ్మ కూడా విన్నది. నా పక్కనే నిలబడి విన్నది.

నా పేరు రాసిన మందుల డబ్బా మా ఊరి అంగన్‌వాడీకి వచ్చింది. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు అక్కడికి వెళ్లి టీచరు సుగుణ ముందు మింగాలి. మింగినట్టు ఆమె కార్డులో గీత పెడుతుంది. మనిషి కళ్ల ముందు మింగితేనే లెక్క. ఆ పద్ధతి విని నేను మండిపడ్డాను. నేనేమైనా పసివాణ్ణా, నా నోట్లోకి తొంగి చూడటానికి అన్నాను. రూతమ్మ ప్రతిసారీ నా వెంట వచ్చేది. ఏడు మాత్రలు గుక్కకొకటి దిగేవి. దిగాక కడుపులో తిప్పేది, కీళ్లు లాగేవి, ఒంటేలుకు పోతే ఎర్రగా వచ్చేది. నేను గ్లాసు విసిరేసిన రోజులున్నాయి. ఆమె గ్లాసు ఏరుకుని, కడిగి, మళ్లీ నీళ్లు పోసి నా చేతిలో పెట్టి కళ్లు మూసుకునేది. నేను మింగేవరకు ఆ పెదాలు కదులుతూనే ఉండేవి.

"ఏందే, ఆ గొణుగుడు?"

"నువ్వు మింగు. నా పని నేను జేస్తున్న."

"కండ్లు మూసుకుంటే నేను మింగిందీ లేందీ నీకెట్ల తెలుస్తది?"

"నువ్వు దొంగవు గావు. కోపిష్టివి. అంతే."

సుగుణ మొహం పక్కకు తిప్పుకుని నవ్వేది.

ఊళ్లో టీ హోటలువాడు నా గ్లాసు వేరే పెట్టాడు. మా అమ్మాయి గ్రేసును జూలూరుపాడులో ఇచ్చాం. దాని అత్తగారు పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేసింది. గ్రేసు ఒక్కతే వచ్చి, వాకిట్లోనే కూర్చుని, ఏడ్చి వెళ్లేది. నాకు దాని మీద కూడా కోపమే. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమని దవాఖానాలో చెప్పారు. నేను పెట్టుకోలేదు. నా ఇంట్లో నేను దగ్గడానికి గుడ్డ కట్టుకోవాలా అని రోషం. మా ఇంటికి ఒకటే గది, ఒకటే చిన్న కిటికీ. ఆ కిటికీ కూడా చలికాలం మూసే ఉండేది.

ఎండలు ముదిరేసరికి నాకు నయమైంది. నా కార్డు నిండిపోయింది. నేను సుగుణతో, "మందు మంచిది" అన్నాను. రూతమ్మతో ఏమీ అనలేదు.

2006

ఆ వానకాలం ఆమెకు దగ్గు మొదలైంది. ఈసారి ఆలస్యం చేయలేదు. అదే బల్ల, అదే గది. కాంపౌండరు మమ్మల్ని గుర్తుపట్టాడు. "ఈసారి అమ్మదా?" అని, డబ్బీ మీద ఆమె పేరు రాశాడు. ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రెండు నెలలు ఆమె ఒక్క రోజు తప్పకుండా మింగింది. నాలాగా గొడవ లేదు. పాత జాకెట్లు మళ్లీ ఒంటికి పట్టాయి. తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు. ఇంకా నాలుగు నెలలు వాడాలన్నారు. ఈ రెండో విడతలో మందు వారానికొక అట్ట ఇస్తారు. మొదటి మోతాదు టీచరు ముందు మింగి, మిగతావి ఇంట్లో వేసుకుని, ఖాళీ అట్ట తెచ్చి చూపాలి. సుగుణ, "నీకేం జూసుడు అత్తమ్మా? ఆయనతోనే మింగిపిచ్చినదానివి" అని మొత్తం అట్ట చేతికే ఇచ్చేసేది. సుగుణను నేను ఇప్పుడు తప్పు పట్టను. రూతమ్మను నమ్మనివాళ్లు ఊళ్లో లేరు.

మా చర్చిలో నెలకు మొదటి ఆదివారం సాక్ష్యాల రోజు. జబ్బు నయమైనవాళ్లు, ఆపద తప్పినవాళ్లు ఒక సొరకాయో, నాలుగు గుడ్లో, ముంతెడు బియ్యమో తెచ్చి ముందు పెట్టి, తమకు దేవుడు చేసిన మేలు అందరికీ చెబుతారు. మైకు ఉంటుంది. చర్చి కప్పు మీది గొట్టం స్పీకరు టీ హోటలు వైపే తిరిగి ఉంటుంది. ఆ ఆదివారం నేను హోటలు ముందు కూర్చుని ఉన్నాను. నా గ్లాసు మళ్లీ అందరి గ్లాసుల్లో కలిసిపోయిన రోజులు. రూతమ్మ గొంతు వచ్చింది.

"దేవుడు నన్ను స్వస్థపరిచిండు. నా కంటె ముందల నా ఇంటాయన్ని గూడ స్వస్థపరిచిండు. ఆయన ఒప్పుకోడు గానీ, దేవుడే బతికిచ్చిండు. ఆయన కోసం గూడ మీరందరు ప్రార్థన జెయ్యాలె."

హోటలు దగ్గర నవ్వులు. "ఏం పెద్దాయనా, నిన్ను గూడ మైకుల పెట్టింది గదా!" అన్నాడొకడు. "ఇగ నువ్వు గూడ తెల్లబట్టలు కుట్టిచ్చుకో" అన్నాడింకొకడు.

తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి కాచుకుని కూర్చున్నాను. ఆమె వచ్చింది, వెనక గ్రేసు. గ్రేసు కూడా ఆ రోజు చర్చికి వచ్చింది.

"నీ దేవుడే బాగుజేసిండా?"

"అవ్."

"మరి ఆ మాత్రలెందుకు మింగుతున్నవే? బాగుజేసినోని మీద నమ్మకం లేదా? మైకుల ఒక మాట, ఇంట్ల ఒక పనా? నిజంగ నమ్మినదానివైతే ఆ అట్ట తీస్కపోయి సుగుణకు ఇచ్చెయ్యి. లేకుంటె రేపు పోయి మైకుల జెప్పు, నన్ను మాత్రలు బతికిచ్చినయని."

ఆమె తెల్లచీర మార్చుకుని, పప్పు గిన్నె దించి, నాకు అన్నం పెట్టింది. నేను గెలిచాననుకున్నాను. కడుపునిండా తిన్నాను.

ఆ తర్వాత ఆ మాట నేను మరిచిపోయాను. నా నోటి నుంచి రోజుకు అలాంటివి పది వచ్చేవి. ఏది గుర్తుంటుంది? నలభై ఏళ్ల కిందటి గంట గుర్తున్నవాడికి, మూడు నెలల కిందటి తన మాట గుర్తు లేదు.

2007, సంక్రాంతి దాటాక

దగ్గు మళ్లీ వచ్చింది. ముందు చలికని అనుకున్నాం. ఆ తర్వాత జ్వరం, తర్వాత గోడ పట్టుకుని నడవడం. సుగుణ దగ్గర కార్డు చూస్తే అన్ని గీతలూ ఉన్నాయి. ఖాళీ అట్టలన్నీ రూతమ్మ వరసగా తెచ్చి ఇచ్చింది.

అమ్మకు వండిపెట్టడానికి గ్రేసు వచ్చి ఉంది. చారులోకి మెంతులు కావాలని డబ్బా తీసింది. డబ్బాలో మెంతులు లేవు. మాత్రలున్నాయి. అడుగు నుంచి మూత దాకా. మందు పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. దేన్నీ పారేసే మనిషి కాదు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పాస్టరు ఇంటికి వెళ్లాను. దానియేలు గారు వయసులో నాకు కొడుకులాంటివాడు. అందరూ ఆయన్ని అయ్యగారూ అంటారు. నేను ఆ రోజు అయ్యగారూ అనలేదు.

"నువ్వే గదా మాన్పిచ్చింది! మైకుల దేవుడు జేసిండని చెప్పిచ్చి, మాత్రలు మాన్పిచ్చి, నా ఇంటిదాన్ని సంపుతవా?"

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. ఒక డబ్బీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"షుగరు మాత్రలు తాతా. నేను రోజు రెండు మింగుత. ప్రార్థన జేసి మింగుత. మందు మానమని నేను ఎవ్వరికి జెప్పలే, జెప్పను. అవ్వ నాతోని ఆ మాట అనలే, అంటె నేను ఊకుంటనా?"

ఆయన భార్య తెచ్చిచ్చిన మంచినీళ్లు తాగకుండా వచ్చేశాను. ఇంట్లో రూతమ్మను అడిగాను. ఎవరు మానమన్నారని.

"ఎవ్వరు జెప్పలే. నా అంతట నేనే."

"ఎందుకే?"

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

2007, ఎండాకాలం

మళ్లీ ఖమ్మం. ఈసారి మంచం ఇచ్చారు, రోజూ సూది. జబ్బు మొండిదై వచ్చిందని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. వార్డు ముందు వరండాలో నేనూ గ్రేసూ కూర్చునేవాళ్లం. రోజంతా ఎవరినో ఒకరిని నేను తిడుతూనే ఉన్నాను. పాస్టరును, సుగుణను, ఎండను, బస్సులను. ఒక మధ్యాహ్నం గ్రేసు అన్నం డబ్బా మూత పెట్టి నా వైపు తిరిగింది.

"చాలు నాయినా. ఎంతమందిని తిడ్తవ్? ఆ అట్ట ఇచ్చెయ్యమన్నది ఎవరు? నేను ఆడనే ఉన్న. నా చెవులార విన్న. నువ్వే. నువ్వే అన్నవ్."

నేను ఏదో అనబోయాను. గ్రేసు ఆగలేదు.

"అమ్మ నాతోని ఒట్టేయించుకుంది, నీకు జెప్పొద్దని. 'ఆయన అన్నదాంట్ల తప్పులేదు బిడ్డా, నేనే సగం సగం నమ్ముతున్న, దేవుని అబద్ధికుణ్ణి జేస్తున్న' అన్నది. 'నేను మాత్రల్లేకుంట బతికి చూపిస్తె ఆయన గూడ వస్తడు' అన్నది. నీకోసం, నాయినా. నిన్ను చర్చిల కూసోబెట్టాల్నని."

గ్రేసు ఏడవలేదు. ఏడుపు దాని దగ్గర అయిపోయింది. నేను లేచి వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లాను. నీళ్లు రాలేదు. అయినా చాలాసేపు కుళాయి కిందే చేతులు పెట్టి నిలబడ్డాను.

పక్క మంచం మీద చర్ల అవతలి నుంచి వచ్చిన కోయాయన ఉండేవాడు. ఆయన భార్యకు తెలుగు కొంచెమే వచ్చు. డిపోలో పనిచేసిన రోజుల్లో నాకు నాలుగు కోయ మాటలు పట్టుబడ్డాయి కాబట్టి ఇద్దరం ఎలాగో మాట్లాడుకునేవాళ్లం. రూతమ్మ ఉమ్మే గిన్నె ఎత్తడానికి ఆ రోజు నా చేతులు లేవలేదు. అది మురికని కాదు. అందులో ఉన్నది నేను ఇచ్చిందని. ఆ తల్లి చూసింది. ఏమీ అడగకుండా గిన్నె తీసుకెళ్లి, కడిగి, బూడిద వేసి తెచ్చి మంచం కింద పెట్టింది. ఆ తర్వాత రోజూ తన మొగుడి గిన్నెతో పాటు మా గిన్నె కూడా ఆమే కడిగింది. ఆమె పేరు నేను అడగనే లేదు. ఇంత రాతగాణ్ణి, ఆ ఒక్క పేరు రాసుకోలేదు.

రూతమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. గ్రేసు చెప్పేసిందని ఆమెకు నా మొహం చూస్తేనే తెలిసింది.

"అది నోరు ఆగనిది. నీ పోలికే" అంది.

"నేను ఊరికే అన్ననే. కోపానికి అన్న."

"తెలుసు."

"తెలిస్తే ఎందుకు మానినవ్?"

చాలాసేపు ఊపిరి తీసుకుంది. "నేను గూడ కోపానికే మానిన్నేమో" అంది. "నీతోని గెలువాల్నని. దేవుని పేరు పెట్టుకున్న గానీ. అది నా తప్పు. నువ్వొక్కనివే మొయ్యకు."

ఆ మాట ఆమె నాకు ఊరట కోసం అన్నదో, నిజంగా అన్నదో నాకు ఈ రోజుకూ తెలియదు.

కాసేపటికి, "ప్రార్థన జెయ్యరాదూ, నాకోసం" అంది.

"నాకు రాదు."

"రాకుంటె ఏమాయె? నీకు తిట్టుడు వచ్చు గదా. ఆయన్నే తిట్టు. నీ గొంతు ఆయన విని నలభై ఏండ్లాయె."

నేను కిటికీ వైపు తిరిగి తిట్టాను. గొంతు తగ్గించి, పళ్ల మధ్య నుంచి తిట్టాను. మా నాయనకు కొట్టని గంట దగ్గర మొదలుపెట్టాను. ఈ మనిషిని ఎందుకు ఇలా చేశావని అడిగాను. నన్నెందుకు బతికించావని అడిగాను. నా నోరు ఎందుకు మూయించలేదని అడిగాను. చివరికి తిట్లు అయిపోయాయి. మిగిలింది ఒకటే మాట. దీన్ని తీసుకుపోవద్దు అని. ఆ ఒక్క మాటే చాలాసార్లు అన్నాను.

వెనక నుంచి ఆమె నవ్వు, నవ్వులోనే దగ్గు. "అది జాలు ఇయ్యాలకు" అంది.

మూడో రోజు పొద్దెక్కాక పోయింది. నేను ఆమె కోసం చాయ్ తేవడానికి వెళ్లి వచ్చేలోపు. చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఉన్నాను. కోయ తల్లి వచ్చి నా చేతిలోంచి తీసుకుంది.

ఊరికి తీసుకొచ్చాం. శవం లేచినప్పుడు గంట కొట్టారు. ఆ చప్పుడు మా నాయనది కూడా కలిపి వినాలని చెవులు రిక్కించాను. గంట గంటలాగే ఉంది. పాత బాకీ ఏదీ తీరలేదు. ఆమె మాత్రం లేదు.

ఆ తర్వాత

నాకు దర్శనాలేవీ రాలేదు. ఎవరైనా అలాంటివి ఆశించి చదువుతుంటే ఇక్కడే ఆపొచ్చు. రోజూ పొద్దున్నే వాకిట్లో నిలబడి దేవుణ్ణి తిట్టేవాణ్ణి. రూతమ్మ నేర్పిన ప్రార్థన నాకు అదొక్కటే. కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసింది. లేడనుకున్నవాణ్ణి ఎవరూ రోజూ తిట్టరు. ఎదురుగా మనిషి నిలబడి వింటుంటేనే తిట్టగలం. అది తెలిసిన రోజు నాకు సంతోషం కలగలేదు. మరి ఆమెను ఎందుకు నిలపలేదు అనే ప్రశ్న ఇంకా బరువెక్కింది. అది ఇప్పటికీ దిగలేదు.

ఒక ఆదివారం చర్చికి వెళ్లాను. తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాను. దానియేలు గారు చూసి కూడా చూడనట్టు ఉన్నారు. ఆ మేలు మరిచిపోను. మైకులో నా పేరెత్తి స్తోత్రం చెప్పి ఉంటే ఆ రోజే లేచి వచ్చేసేవాణ్ణి. ఆమె వేదపుస్తకం విప్పాను. అందులో ఆమె వేళ్ల జిడ్డుతో నలిగిన పేజీలు ఎక్కడెక్కడ ఉన్నాయో అవే ముందు చదివాను. సగం వాటితో నాకు పోట్లాటే. పోట్లాడుతూనే చదువుతున్నాను.

ఏడాది తిరిగాక సాక్ష్యాల ఆదివారం నాడు లేచి నిలబడ్డాను. చేతిలో సొరకాయ లేదు. మెంతుల డబ్బా ఉంది.

"ఈ మాత్రలు నా భార్య మింగనివి," అన్నాను. "మింగొద్దని ఎగతాళి జేసింది నేను. దేవుడు గాదు, అయ్యగారు గాదు. నమ్మకం ఉన్నోళ్లు మందు మింగొద్దని ఎవడన్నా అంటె, వాడు నా అసుంటి మూర్ఖుడు. మింగుండ్రి. మింగి ప్రార్థన జెయ్యుండ్రి. ప్రార్థన జేసి మింగుండ్రి. నాకు ఇంతే తెలుసు."

కూర్చున్నాను. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఎవరో నా మోకాలి మీద చేయి వేసి, ఆరాధన అయ్యేదాకా తీయలేదు.

సుగుణను అడిగి ఇప్పుడు మందుల డబ్బాలు మా ఇంట్లో పెట్టుకున్నాను. ఊళ్లో ఇద్దరు, తండాలో ఒకరు నా ముందే మింగుతారు. ఇది రాయడానికి మొదట్లో చెప్పిన ఇంకో కారణం వీళ్లే. కిటికీ గోడ పగలగొట్టించి పెద్దది చేశాను. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో ట్రాక్టరు తోలే ముత్తయ్య జబ్బుపడి ఇంటికి వచ్చాడు. మూడో నెల నడుస్తోంది. మొన్న సోమవారం వచ్చి గడప మీదే నిలబడ్డాడు.

"తాతా, నాకు మంచిగైంది. అన్నం మస్తు తింటున్న. ఇంకా ఎందుకు ఇవి? అట్ట ఇచ్చెయ్యి, ఇంట్ల ఏసుకుంట."

"లోపలికి రా."

"మా అమ్మ గూడ అంటుంది, మన మొక్కులకే తగ్గిందని."

"మీ అమ్మ మాట నిజమే గావచ్చు. కూసో."

గ్లాసులో నీళ్లు పోసి చేతిలో పెట్టాను. మాత్రలు అరచేతిలో పెట్టాను. వాడు గొణుక్కుంటూ ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాడు. రూతమ్మ ఇక్కడ కళ్లు మూసుకునేది. నేను మూసుకోను. పెదాలు కదుపుతూనే, కళ్లు తెరిచి, వాడి గొంతు వైపు చూస్తుంటాను. చివరి మాత్ర దిగి గొంతు కదులుతుంది. అది కదిలేదాకా చూస్తాను.

అప్పుడు మూసుకుంటాను.